నా గదికి బీరువా వద్దు

జెపారా,
జావా దీవి,
ఆగస్టు 1991

తియాస్ అమ్మాయికి,

కుస్తినా రాస్తున్నాను. మీ నాన్నగారు చెప్పగా వినడమే తప్ప మనం ఒకరినొకరు చూసుకోలేదు. నిన్ను మీరు అనాలో నువ్వు అనాలో తేలక ఈ కాగితం ముందు చాలాసేపు కూర్చున్నాను. ఆయన నిన్ను "మా పెద్ద పిల్ల" అంటారు కదా, ఆ ధైర్యంతో నువ్వు అంటున్నాను. నచ్చకపోతే చెప్పు, మార్చుకుంటాను.

జనవరిలో వచ్చే రజబ్ నెలలో పెళ్లి అని పెద్దవాళ్లు అనుకున్నారని నీకు తెలిసే ఉంటుంది. నాకు తల్లీ తండ్రీ లేరు. ఉన్నదల్లా మా నాన్న వదిలి వెళ్లిన బీరువాల దుకాణం. దాన్ని మా తమ్ముడికి అప్పగించి మీ సలాతిగాకు వస్తున్నాను. ఉత్త చేతులతో రావడం నాకు ఇష్టం లేదు. మీ ఇంట్లో ఏ గదిలోనూ తలుపు సరిగ్గా పడే బీరువా లేదని మీ నాన్న చెప్పారు. మూడేళ్లుగా మా సరుకు లారీలో వేసుకుని ఊరూరా దింపే మనిషి, సొంత ఇంటి ముందు ఒక్కటీ దింపుకోలేదంటే నవ్వొచ్చింది.

నేను పెట్టేది కొంత, మీ నాన్న ఇచ్చేది కొంత. రెండూ కలిపినా కొండంత ఏమీ కాదు. అన్ని గదులకూ టేకు చేయించాలంటే చాలదు. అన్నింటికీ చవకది పెడితే రెండు వర్షాకాలాలు తిరక్కుండానే ఏడుస్తాం. అందుకే ఏ గది ఎంత, కిటికీ ఎటు, గోడ పొడిగా ఉంటుందా, ఎవరి బట్టలు ఎలాంటివి, ఇవన్నీ కాస్త ఓపిగ్గా రాయి. ఒక్కో గదికి ఒక్కో రకంగా ఆలోచిద్దాం. తక్కువలోనే అందంగా ఉండేట్టు చేయించడం నాకు చేతనవును, అదొక్కటే నాకు వచ్చిన విద్య.

నీ గది సంగతి మాత్రం మరీ వివరంగా రాయి.

కుస్తినా


సలాతిగా,
సెప్టెంబరు

కుస్తినా గారికి,

నమస్కారం. మీ ఉత్తరం అందింది. నువ్వు అన్నందుకు నాకేమీ అభ్యంతరం లేదు.

మీరడిగిన వివరాలు. నాన్న గది పెద్దది. నాలుగు మీటర్లు పొడవు, మూడున్నర వెడల్పు. కిటికీ తూర్పుకు. అందులో ఇప్పటికే ఒక బీరువా ఉంది. నాయనమ్మ గది వంటింటిని ఆనుకుని ఉంటుంది, గోడకు చెమ్మ. ఆమె బట్టలు గోనెసంచి మీద దొంతరగా పేర్చి ఉంటాయి. మా చెల్లెలు లారస్ గది మూడు మీటర్లు, మూడు మీటర్లు. దానికి పదమూడేళ్లు. నిలువుటద్దం కావాలట, అద్దం లేకపోతే బీరువాయే వద్దట.

నా గదికి ఏమీ అవసరం లేదు.

నాయనమ్మ, లారస్ క్షేమం. నాన్న క్షేమం సంగతి నాకంటే మీకే ముందు తెలుస్తుంది, వారానికి రెండుసార్లు అక్కడికి వస్తున్నారు కనుక.

ఇట్లు,
తియాస్


జెపారా,
సెప్టెంబరు

తియాస్,

నీ ఉత్తరం చూసి మా తమ్ముడు, "అక్కా, ఇది ఉత్తరమా, కరెంటాఫీసు నోటీసా?" అన్నాడు. వాణ్ని కసిరాను. కసిరి లోపలికి వెళ్లి నేనూ నవ్వుకున్నాను. కోపం తెచ్చుకోకు.

ముందు నాయనమ్మగారి గది. గోడకు చెమ్మ అన్నావు కనుక చెక్కపొట్టును జిగురుతో నొక్కి చేసిన బోర్డు బీరువాను కన్నెత్తి కూడా చూడొద్దు. ధర సగమే, నిగనిగలాడుతుంది, అంగట్లో చూస్తే మనసు లాగుతుంది. చెమ్మ తగిలిందంటే టీలో ముంచిన బిస్కెట్టులా ఉబ్బి చేతికి ఊడి వస్తుంది. ఆ గదికి మహాగని చాలు. టేకంత ఖరీదు ఉండదు, గట్టిది. నేలకు జానెడు ఎత్తున కాళ్లు పెట్టిస్తాను, గోడకు నాలుగు వేళ్లు ఎడంగా నిలబెడదాం. వెనకాల గాలి ఆడాలి.

ఇప్పుడు నువ్వు చెప్పాల్సినవి. ఆమె చేతులు ఎంత పైకి లేస్తాయి? వంగగలరా? ముసలివాళ్లు బట్టలు మడిచి పెట్టుకుంటారు, హాంగర్లు తగిలించే కడ్డీ పెడితే చోటు దండగ. నడుమెత్తులో సొరుగులు పెట్టిస్తే వంగక్కర్లేదు, నిక్కక్కర్లేదు. వేళ్లు కీళ్లనొప్పులతో వంకర తిరిగాయా? అయితే ఇత్తడి రింగులు వద్దు, అరచెయ్యి పెట్టి లాగే వెడల్పాటి చెక్క పిడులు వేయిస్తాను.

లారస్ ఇంకా పెరిగే పిల్ల. దానికి ఇప్పుడు పెద్ద ఖర్చు పెట్టొద్దు. మహాగని చట్రానికి ప్లైవుడ్ బిగించి తెల్ల రంగు వేయిద్దాం, గది పెద్దగా కనిపిస్తుంది. అరలు పైకీ కిందికీ జరుపుకునేలా ఉంటే ఈ రోజు గౌన్లు, రేపు పొడుగు బట్టలు, ఏవైనా పడతాయి. అద్దం తలుపుకు లోపలి వైపు. ముస్తాబు కావాలంటే తలుపు తెరుస్తుంది, చదువుకోవాలంటే మూస్తుంది. పడుకున్నప్పుడు మంచానికి ఎదురుగా అద్దం ఉంటే మీ నాయనమ్మగారు ఎలాగూ ఒప్పుకోరు.

ఇక మీ నాన్న గది. డబ్బు ఎక్కువ పెడితే అక్కడే పెట్టాలి. టేకు, మూడు తలుపులది. అందులో ఉన్న బీరువా ఎవరిదో అడగక్కర్లేదు, నాకు తెలుసు. దాన్ని ఏం చేయాలో చెప్పే హక్కు నాకు లేదు. ఇంకో గోడ ఖాళీ ఉంటే అక్కడికి సరిపడేది చేయిస్తాను. లేకపోతే లారస్ బీరువాలో పై అర ఇమ్మని అడుగుతాను, నా బట్టలు ఎక్కువేం లేవు.

నీ గది ఇరుకని మీ నాన్న చెప్పారు. తలుపు తీస్తే మంచానికి తగులుతుందట. అలాంటి చోట తెరిచే తలుపులు పనికిరావు. పక్కకు జరిగే తలుపులతో, మూరెడు లోతున, లేత రంగు కలపతో ఒకటి మనసులో పెట్టుకున్నాను. అది ఇంటి ఖర్చులోది కాదు, నేను నీకిచ్చేది. కాదనకు.

కుస్తినా


సలాతిగా,
అక్టోబరు

కుస్తినా గారికి,

మీ ఉత్తరం నాయనమ్మకు చదివి వినిపించాను. మొదట సగం చెవి పెట్టి వింది. తరువాత ఒలుస్తున్న చిక్కుడుకాయలు పక్కన పెట్టేసింది.

"ఏమే, ఆవిడ బీరువా అమ్ముతోందా, నాకు సంబంధం చూస్తోందా?" అంది. "నా నడుమెంత, నా చేతులెంత పైకి లేస్తాయి, నా వేళ్లు వంకరా టింకరా... మీ తాత నన్ను చూడ్డానికి వచ్చినప్పుడు కూడా ఇన్ని అడగలేదు!"

అని ఊరుకుందా? లేచి గోడకు ఆనుకుని నిలబడింది. సుద్దముక్క తెమ్మని, చెయ్యి ఎంతవరకు లేస్తుందో అక్కడ గీత గీయించుకుంది. నడుము దగ్గర ఇంకో గీత. నిక్కి చూసి, "కొంచెం పైకి గీయి, నేనింకా అంత కుంగిపోలేదు" అని దెబ్బలాడింది. కొలతలు ఈ కాగితం వెనక రాశాను. నగిషీలు మాత్రం వద్దట. "పువ్వుల్లోంచి దుమ్మెవడు తీస్తాడు? నున్నగా ఉండమను" అంది. వేళ్లు వంకరే. రింగులు వద్దు.

నాన్న గదిలోని బీరువా గురించి మీరు రాసిన మాట నాయనమ్మకు పైకి చదవలేదు. నాలో నేనే చదువుకున్నాను.

అమ్మ పోయి ఆరేళ్లయింది. ఆ బీరువా అమ్మ పెళ్లికి కొన్నది, మీరు వద్దన్న ఆ చెక్కపొట్టు బోర్డుదే. తలుపు ఏనాడూ సరిగ్గా పడలేదు. అమ్మ అట్టముక్క మడిచి సందులో దోపేది. మొన్న ఆదివారం నాయనమ్మ, లారస్, నేను కలిసి దాన్ని తెరిచాం. కలరా ఉండల వాసన తప్ప అమ్మ వాసన ఏమీ లేదు. లారస్ అమ్మ కెబాయా జాకెట్టు ఒకటి తొడుక్కుంది. భుజాల దగ్గర సరిగ్గా సరిపోయింది. అది తనను తాను చూసుకుని, "అక్కా, అమ్మ ఇంత చిన్నగా ఉండేదా?" అంది. అమ్మ పోయినప్పుడు దానికి ఏడేళ్లు. అమ్మ అంటే చాలా పెద్ద మనిషి అనుకుంటూ పెరిగింది.

మంచి బాటిక్ బట్టలు మూడు ఉంచుకుని తక్కినవి అత్తలకిచ్చాం. నాన్న స్క్రూడ్రైవర్ పట్టుకొచ్చారు గానీ దాని అవసరమే పడలేదు, ముట్టుకుంటే విడిపోయింది. ముక్కలు చూస్తూ నాయనమ్మ, "పాపం, ఇన్నాళ్లూ ఒద్దికగా నిలబడింది" అంది. బీరువానే అందో, అమ్మనే అందో నేను అడగలేదు.

గోడ ఇప్పుడు ఖాళీ. మీరు లారస్ పై అరలో సర్దుకోనక్కర్లేదు.

నా గదికి మాత్రం ఏమీ వద్దు. మీ మంచి మనసు నాకు అర్థమైంది. దయచేసి మళ్లీ అడగవద్దు.

తియాస్


జెపారా,
నవంబరు

తియాస్,

ఈ ఉత్తరం నీకు కష్టంగా ఉంటే మన్నించు. రాయడానికి నాకూ కష్టంగానే ఉంది.

నిన్న సరుకు ఎక్కిస్తూ మీ నాన్న మాటల మధ్య అన్నారు, "పెద్ద పిల్ల పుస్తకాలన్నీ అట్టపెట్టెల్లో సర్దుతోంది. ఎందుకే అంటే దుమ్ము పడుతోందంది" అని. ఆయన నమ్మారు. నేను నమ్మలేదు.

ఇన్నేళ్లుగా బీరువాలు అమ్ముకు బతుకుతున్నాను తియాస్. డబ్బు లేక వద్దనేవాళ్లను చూశాను, నచ్చక వద్దనేవాళ్లను చూశాను. ఊరికే ఇస్తామన్నా వద్దనే మనిషి ఆ గదిలో ఉండబోవడం లేదని అర్థం. నాకు ముందే తట్టాల్సింది.

నీకు ఇరవయ్యారేళ్లు. నీ ఇల్లు అది. తల్లి పోయాక ఆ ఇంటిని ఎత్తుకుని నిలబెట్టింది నువ్వు. నేను ఒక గుమ్మంలోంచి వస్తుంటే నువ్వు ఇంకో గుమ్మంలోంచి వెళ్లిపోవడం నాకు వద్దు. ఒక ఆడపిల్లను లేవగొట్టి ఆ చోట నా పెట్టె దించుకోలేను. ఈ వయసులో నాకు పెళ్లి లేకపోయినా గడుస్తుంది. ఇప్పటిదాకా గడవలేదా?

పెళ్లి ప్రస్తుతానికి ఆపమని మీ నాన్నతో చెప్పాను. ఎందుకో చెప్పలేదు. ఆయన కూడా అడగలేదు. తాడు రెండుసార్లు బిగించి, విప్పి, మళ్లీ బిగించి, లారీ ఎక్కి వెళ్లిపోయారు.

నాయనమ్మగారి బీరువా మాత్రం పూర్తయింది. అది ఆమెదే, పెళ్లితో సంబంధం లేదు. ఎలాగైనా పంపిస్తాను.

కుస్తినా


సలాతిగా,
నవంబరు

కుస్తినా గారికి,

ఇది పోస్టులో వేస్తే ఆలస్యమవుతుందని నాన్న చేతికే ఇస్తున్నాను. ఆయన దీన్ని విప్పరు. ఒకరి కవరు విప్పే మనిషి కాదు.

నాన్న ఆ రోజు ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. శుభ్రంగా ఉన్న లారీని మళ్లీ కడగడం మొదలుపెట్టారు. నాయనమ్మ గుమ్మంలోంచి, "ఏమైందిరా?" అంటే "ఏం లేదమ్మా, సరుకు ఆలస్యమట" అన్నారు. "సరుకు ఆలస్యమైతే లారీ చక్రాలకు సబ్బు రాస్తారట్రా ఎవరైనా?" అంది. ఆయన ఇంకో చక్రం దగ్గరికి జరిగారు. ఆ తరువాత మీ ఉత్తరం వచ్చింది.

మీరనుకున్నది సగం నిజం. నేను వెళ్లిపోతున్నాను. మిగతా సగం మీకు తెలియదు, ఇంట్లో కూడా ఎవరికీ తెలియదు.

నేను ఇక్కడి ఆరోగ్య కేంద్రంలో కాన్పులు చేసే నర్సుగా పనిచేస్తున్నాను. దూరపు దీవుల్లో ఆ పనికి మనుషులు లేరు. సుంబా దీవిలో వైంగాపు అనే ఊరికి నన్ను రమ్మని పై ఆఫీసు వాళ్లు లోగడ రెండుసార్లు అడిగారు. నాకు వెళ్లాలని ప్రాణం కొట్టుకుపోయేది. నాయనమ్మ మోకాళ్లు, లారస్ చదువు, నాన్న భోజనం... రెండుసార్లూ వీలుపడదని రాశాను. ఈ మే నెలలో మూడోసారి అడిగారు. కాగితం దిండు కింద పెట్టుకుని ఊరుకున్నాను.

జూలైలో ఒకరోజు నాన్న తల వంచుకుని, అన్నంలో వేలు తిప్పుతూ, "జెపారాలో ఒకావిడ ఉంది" అన్నారు. నేను లేచి వంటింట్లోకి వెళ్లి, గిన్నె మూత నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాను. ఏడుపు కాదండీ, నవ్వే. ఆపుకోలేకపోయాను. మర్నాడే, వస్తానని వాళ్లకు రాసేశాను. అప్పటికి మీ పేరు కూడా నాకు తెలియదు. మీరు మంచివారో కాదో నాన్నను అడగనైనా లేదు. ఎవరో ఒకరు వస్తున్నారు, ఇక నేను పోవచ్చు, అంతే తోచింది.

ఆ మీదట మీరు నా గది కొలతలు అడిగారు. ముసలావిణ్నీ, ఎదిగే పిల్లనీ, పొయ్యినీ మీ నెత్తిన పెట్టి పారిపోయేదాన్ని, పైగా మీ దగ్గర బీరువా కూడా పుచ్చుకోనా? స్నేహంగా రాస్తే మిమ్మల్ని మోసం చేసినట్టనిపించేది. అందుకే నోటీసులా రాశాను. మీ తమ్ముడికి చెప్పండి.

మీరు రావడం ఇష్టం లేక వెళ్లడం లేదు. మీరొస్తున్నారనే వెళ్లగలుగుతున్నాను. పెళ్లి ఆపకండి. నా కోసం అడుగుతున్నాను అనుకున్నా సరే, నాన్న కోసం అనుకున్నా సరే.

ఈ కవరు చేతికిస్తే నాన్న, "ఏమిటిది?" అన్నారు.

"బీరువా కొలతలు నాన్నా."

"మళ్లీ కొలతలా?"

"ఒకటి తప్పు ఇచ్చాను."

తియాస్


జెపారా,
నవంబరు

తియాస్ తల్లీ,

నేను చదువుతున్నంతసేపూ మీ నాన్న వాకిట్లో నిలబడే ఉన్నారు. చదివి, గట్టిగా నవ్వేశాను. ఆయన బెదిరిపోయారు.

"కొలత బాగా తప్పిందా?" అన్నారు.

"తప్పింది. సరిచేసుకుందాం. పెళ్లి రజబ్‌లోనే" అన్నాను.

"సరే" అన్నారు. అంతే. ఆ మాట అని వెనక్కి తిరిగి, ఇద్దరు ఎత్తాల్సిన బీరువాను ఒక్కరే ఎత్తబోయి నడుము పట్టేయించుకున్నారు. మా తమ్ముడు తైలం రాస్తున్నాడు, ఈ పూట ఇక్కడే పడుకోబెట్టాం. కంగారు పడకు. మూలుగుతూ నవ్వుతున్నారు.

ఎంత హాయిగా ఉందో ఎలా రాయను! నువ్వు నన్ను చూసి పారిపోవడం లేదు. ఈ నాలుగు నెలలూ నీకు రాసిన ప్రతి ఉత్తరమూ రెండుసార్లు చించి మూడోసారి రాశాను. కొనేవాళ్లతో గంటల తరబడి బేరమాడే నోరు నాది, నీ ముందు పెగల్లేదు.

నాకు ఇరవయ్యేడేళ్లప్పుడు పెకలోంగాన్ నుంచి ఒకాయన నన్ను చేసుకుంటానని అడిగాడు. బాటిక్ వ్యాపారం. వెళ్తే ఆ ఊళ్లో ఉండాలి. ఆ ఏడే మా నాన్నకు కుడిచెయ్యి పడిపోయింది. ఆయన వద్దనలేదు. "నీ ఇష్టమమ్మా" అన్నాడు. ఆ మాట పట్టుకుని ఉండిపోయాను. మా నాన్న బంగారం లాంటి మనిషి, దుకాణం నా పేరనే రాశాడు, నాకే లోటూ రాలేదు. అయినా బస్టాండు వైపు వెళ్లే ప్రతి రిక్షాను తల తిప్పి చూసేదాన్ని. చాలా ఏళ్లు చూశాను. నువ్వు గిన్నె మూత అడ్డం పెట్టుకున్నావంటే నాకు అర్థం కాకుండా ఎలా ఉంటుంది?

అయితే ఒక మాట. నన్ను త్యాగమూర్తిని చేయకు. నీ బరువు మోయడానికి రావడం లేదు నేను. మూడేళ్లుగా దుకాణం ముందు లారీ ఆపి, కాఫీ తాగి, పది మాటలు కూడా మాట్లాడకుండా, వెళ్లేటప్పుడు గ్లాసు తనే కడిగి బోర్లించి పోయే మనిషి కోసం వస్తున్నాను. ముసలావిడ, పిల్ల, పొయ్యి ఆయనతో పాటు వస్తాయి. తెలిసే వస్తున్నాను. వంట నాకు అంతంతమాత్రం, ముందే చెబుతున్నాను.

ఒక్కటే షరతు. నీ ప్రయాణం సంగతి నా నోటి నుంచి ఆ ఇంటికి తెలియకూడదు. నువ్వే చెప్పు, త్వరగా చెప్పు.

కుస్తినా


సలాతిగా,
డిసెంబరు

కుస్తినా పిన్నికి,

నాయనమ్మ అలాగే పిలవమంది. "గారూ గీరూ అంటే ఇంటికి ఇన్‌స్పెక్టరు వస్తున్నట్టుంది" అంది.

చెప్పేశాను. శుక్రవారం నమాజు నుంచి నాన్న వచ్చి భోజనానికి కూర్చున్నాక, సోయా తెంపే ముక్కల వేపుడు వడ్డిస్తూ చెప్పేశాను. గరిటె చేతిలోనే ఉండిపోయింది.

నాయనమ్మ, "ఎప్పుడు?" అంది.

"ఫిబ్రవరిలో. పెళ్లయ్యాక."

"ఓడలోనా?"

"అవును."

"హమ్మయ్య" అంది నాయనమ్మ. నాకు సరిగ్గా వినబడలేదనుకున్నాను. "రెండుసార్లు వద్దని రాశావని నాకు తెలియదనుకున్నావుటే? పోస్ట్‌మాన్ మన అరుగు మీద కూచుని టీ తాగుతాడు. 'పెద్దమ్మా, సర్కారు కవరు మళ్లీ వచ్చింది' అనేవాడు. కవరొచ్చిన వారమంతా నువ్వు గిన్నెలు ఠంగు ఠంగుమని పెట్టేదానివి. ఈ ముసల్దాని మోకాళ్ల కోసం పిల్ల బతుకు ఆగిపోయిందని నాకు ఎంత దిగులో నీకేం తెలుసు! నేను పోతే ఇది బయటపడుతుంది కదా అని దేవుణ్ని అడిగేదాన్ని. ఇక చావక్కర్లేదు. ఇంకో వేపుడుముక్క వెయ్యి."

లారస్ ఏడ్చింది. కళ్లు తుడుచుకుంటూనే, "అక్క గది నాకేనా?" అని అడిగింది.

నాన్న చెయ్యి కడుక్కుని బయటికి వెళ్లిపోయారు. లారీ దగ్గర బకెట్టు చప్పుడు వినబడింది. చాలాసేపటికి తడి చేతులతోనే లోపలికొచ్చి నా ఎదురుగా నిలబడ్డారు.

"అక్కడ రోడ్లెలా ఉంటాయి?" అన్నారు.

"తెలియదు నాన్నా."

"మట్టి రోడ్లయితే వానలో జీపెక్కమన్నా ఎక్కకు. డ్రైవరు ఎంత మొనగాడైనా సరే. దిగి నడువు."

"అలాగే నాన్నా."

"ఊఁ" అని నా తల మీద చెయ్యి వేశారు. సబ్బునీళ్లు చెవిలోకి కారాయి. నేను కదల్లేదు.

తొందరగా రండి పిన్నీ. లారస్‌కు తెల్ల రంగు వద్దట, లేత నీలం కావాలట. ధర తేడా వస్తుందా?

తియాస్


సలాతిగా,
మార్చి 1992

తియాస్ తల్లీ,

ఓడ దిగానని నువ్వు రాసిన కార్డు ముక్క తప్ప ఇంకేమీ లేదు. మీ నాన్న రోజూ పోస్ట్‌మాన్ వేళకు ఏదో పని కల్పించుకుని వాకిట్లోకి వస్తున్నారు.

నా పరువు పోయిన సంగతి రాస్తాను, నవ్వుకో. నువ్వు వెళ్లిన వారానికి టేకు బీరువా దిగింది. నున్నటి పాలిష్, మూడు తలుపులు, పిట్ట ముక్కంత గీత కూడా లేదు. నలుగురు పట్టుకుని గుమ్మం దాకా తెచ్చారు. పట్టదే! నిలువుగా పట్టదు, అడ్డంగా పట్టదు, ఏటవాలుగా తిప్పితే నడవా మలుపులో ఇరుక్కుంటుంది. నీ దగ్గర గదుల కొలతలన్నీ రాబట్టాను, కిటికీ ఎటో అడిగాను, ముసలావిడ చెయ్యెంత లేస్తుందో అడిగాను. గుమ్మం కొలత అడగలేదు!

అత్తయ్య కుర్చీ వేయించుకుని కూర్చుంది. "బీరువాల కోడలు వస్తోందని వీధంతా చాటింపు వేశానే! ఇప్పుడు నా ముఖం ఎక్కడ పెట్టుకోను? ఇందులోనే దాక్కోవాలి" అంది. రెండు రోజులు అది అరుగు మీదే ఉంది. దారిన పోయేవాళ్లు ఆగి ధర అడిగారు. ఇద్దరికి అలాంటివే కావాలట, తమ్ముడికి ఆర్డరు రాశాను, ముందు మీ గుమ్మం కొలవండి అని మరీ చెప్పాను. చివరికి మీ నాన్న కిటికీ ఊచలు ఊడదీసి అటునుంచి లోపలికి ఎక్కించారు. ఆ మధ్యాహ్నం ఆయన పది మాటల కంటే ఎక్కువే మాట్లాడారు, అన్నీ నన్ను ఆటపట్టించేవే.

లారస్ మంచం తీసేసి చాప పరుచుకుని, నీలం బీరువా నీ గదిలోకి మార్చుకుంది. అద్దం ముందు నిలబడితే బడి గంట కూడా వినబడదు. మొదటి వారం సాయంత్రాలు నువ్వు గుర్తొచ్చి ఏడ్చేది. ఓదార్చడం నాకు చేతకాలేదు. నీ బాటిక్‌లు వట్టివేళ్లు వేసి ఎలా మడవాలో నేర్పమని అడిగాను, నాకు రాదని అబద్ధమాడి. నేర్పుతూ నేర్పుతూ ఊరుకుంది. నా వంట గురించి నీకు ఫిర్యాదు రాస్తానని బెదిరిస్తోంది. రాయనీ, నిజమే కదా.

అత్తయ్యకు నడుమెత్తు సొరుగులు ఎంత బాగా నచ్చాయంటే, ఒకదాంట్లో బట్టలు, తక్కిన రెండింట్లో డాక్టరు వద్దన్న వేరుశనగ మిఠాయి. మొన్న చీమల బారు చూసి కనిపెట్టాను. "అంత సులువుగా లాగే పిడులు పెట్టమని నేనడిగానా?" అంది.

నీ సంగతులు రాయి. తిండి ఎలా ఉంది, మనుషులెలా ఉన్నారు. బాగుంటే బాగుందని, లేకపోతే లేదని రాయి.

పిన్ని


వైంగాపు,
ఏప్రిల్

పిన్నీ,

నీ ఉత్తరం ఓడలో వచ్చేసరికి చాలా ఆలస్యమైంది. చదివి పక్కగదిలో నర్సు పరిగెత్తుకొచ్చేలా నవ్వాను. ఇక్కడ ఆరోగ్య కేంద్రంలో దుప్పట్లు పెట్టుకోవడానికి బీరువా కొంటున్నారు, అందరూ రంగు గురించి వాదించుకుంటుంటే "గుమ్మం కొలిచారా?" అన్నాను. ఎవరూ కొలవలేదు.

బాగుందా లేదా అన్నావు. మొదటి వారాలు బాగాలేదు. భాష సగం అర్థం కాదు, నీళ్లు దూరం, నాన్న చెప్పినట్టే అన్నీ మట్టి రోడ్లు. ఎందుకొచ్చానా అని కూడా అనుకున్నాను, నీకు కాబట్టి రాస్తున్నాను, నాయనమ్మకు చదవకు.

మొన్న మంగళవారం రంబు కారెరి అనే అమ్మాయికి నొప్పులని కబురొచ్చింది. తొలి కాన్పు. డాక్టరు పక్క ఊరు వెళ్లాడు, ఏరు పొంగి తిరిగి రాలేకపోయాడు. జీపు వాళ్లు ఎక్కమన్నారు. ఎక్కలేదు, నడిచి వెళ్లాను. వాళ్ల అత్త తమలపాకులతో ఎర్రబడ్డ నోరు తెరిచి నన్ను ఎగాదిగా చూసి, "పెద్దవాళ్లెవరూ దొరకలేదా, ఈ పిల్లను పంపారు?" అంది. చెయ్యి పెట్టి చూస్తే బిడ్డ కాళ్లు ముందు ఉన్నాయి. అక్కడ పక్కన అడగడానికి ఇంకెవరూ లేరు. నేర్చుకున్నదంతా ఒక్కొక్కటిగా గుర్తు చేసుకుంటూ, బిడ్డను లాగకుండా, తొందరపడకుండా, ఆ పిల్ల భుజం పట్టుకుని "ఇంకొంచెం, ఇంకొంచెం" అంటూ ఉన్నాను. మా ఇద్దరిలో ఎవరికి చెబుతున్నానో నాకే తెలియలేదు. తల బయటపడ్డాక బిడ్డ ఏడవలేదు. నోరు తుడిచి, వీపు రుద్దాను. అప్పుడు ఏడ్చింది. ఆడపిల్ల. గొంతు లారస్ గొంతంత ఉంది.

ఆ అత్త నా చేతిలో వక్కపొట్లం పెట్టి, కాళ్లు కట్టిన కోడిపెట్టను చంకలో దూర్చి, తనే గుమ్మం దాకా సాగనంపింది.

మధ్యాహ్నం ఎండలో కోడితో సహా గదికి వచ్చాను. స్నానం చేసి, తాటిబెల్లం వేసి టీ పెట్టుకున్నాను. గ్లాసు పట్టుకుని గుమ్మంలో కూర్చుని, అలవాటు కొద్దీ చెవి లోపలికి పెట్టాను, ఎవరో పిలుస్తారని. ఎదురుగా గడ్డికొండ మీద గుర్రాలు మేస్తున్నాయి. ఎవరూ పిలవలేదు. టీ వేడిగా ఉండగానే మొత్తం తాగేశాను. ఇంట్లో ఎప్పుడైనా అలా తాగానా అని ఆలోచిస్తే గుర్తు రాలేదు. మీరందరూ కళ్లలో మెదిలి కాసేపు ఏడ్చాను, హాయిగా.

తరువాత ఇంకో గ్లాసు పెట్టుకున్నాను.

నీ
తియాస్